బొటనవేలు ఏ వైపుంది?

ఫోటోలు తీయడమంటే ఇష్టం, దాన్నే బతుకుతెరువు చేసుకోవచ్చా అని అడుగుతూ ఇప్పటికీ ఒకరిద్దరు కుర్రవాళ్లు మా ఇంటికి వస్తుంటారు. స్టూడియో మూసేసి రెండేళ్లయినా తమిళనాట మా రాజపాళయంలో జనం నన్ను కెమెరాతోనే గుర్తుపెట్టుకున్నారు. వాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు. ‘చేసుకోండి’ అని నోటిదాకా వస్తుంది. అంతలో సత్రపట్టిలో తీసిన ఒక ఫోటో గుర్తొచ్చి మాట ఆగిపోతుంది. కాఫీ ఇచ్చి పంపేస్తాను. అలా పంపేసినవాళ్లకి బాకీగా ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను. చదివి మీరే ఏదో ఒకటి తేల్చుకోండి. నాకైతే ఇంకా తేలలేదు.

మొదట నేను ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేశాను. నూలు ఎంత సన్నంగా ఉంది, ఎంత లాగితే తెగుతుంది అని పరీక్ష చేసే చల్లటి గది. మా నాన్న పత్తి విత్తనాల వ్యాపారి. కొడుకు మిల్లులో ఉన్నాడని చెప్పుకోవడం ఆయనకు గొప్ప. ముప్ఫై రెండేళ్ల వయసులో ఆ పని మానేసి బస్టాండు దగ్గర స్టూడియో పెడతానంటే మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఒకే మాట అన్నాడు.

“పెండ్లిలో వంటాయన తరవాత పిలిచేది పోట్టోకారున్నే. పో, పోయి నిలబడు.”

నిలబడ్డాను. పాతికేళ్లు నిలబడ్డాను. ఇష్టపడి వచ్చిన పనే, కాని వచ్చాక తీసినవన్నీ పాస్‌పోర్టు ఫోటోలు, చెవులు కుట్టించే వేడుకలు, పెళ్లిళ్లు, మిల్లు నుంచి రిటైరయ్యేవాళ్లు మెడలో దండతో కుర్చీలో కూర్చున్న గ్రూపు ఫోటోలు. ఆదివారం మాత్రం నాది. పొద్దున్నే టూవీలర్ మీద కొండ వైపు వెళ్లి మబ్బుల్ని తీసుకొచ్చేవాణ్ని. మా ఆవిడ వాటిని చూసి, “ఈ మబ్బు ఏ ఊరికి పోతాది? దానికేమి పాస్‌పోర్ట్?” అనేది.

స్టూడియోలో నాతోపాటు ఒకామె పనిచేసేది. తళవాయిపురం నుంచి రోజూ బస్సులో వచ్చేది. కంప్యూటర్ పనంతా ఆమెదే. మొహాల మీద మొటిమలు తీయడం, కళ్లు మూసినవాళ్లకి వేరే ఫోటో నుంచి కళ్లు తెచ్చి పెట్టడం, ఇలాంటివన్నీ చిటికెలో చేసేది. పదిహేనేళ్లలో ఆమె ఒక్కరోజు కూడా నా ఫోటో బాగుందని అనలేదు. బాగాలేదనీ అనలేదు.

సెల్‌ఫోన్లు వచ్చాక స్టూడియో బోసిపోయింది. ఆ రోజుల్లోనే దగ్గర్లోని సత్రపట్టిలో ఆస్పత్రి కట్ల గుడ్డ తయారుచేసే ఫ్యాక్టరీ మొదలాళి, అంటే యజమాని, కబురు పెట్టాడు. బయటిదేశపు వాళ్లకి చూపించడానికి చిన్న పుస్తకం వేస్తున్నారట, ఫ్యాక్టరీ ఫోటోలు కావాలట. వెళ్లాను.

ఆ గుడ్డను ఉతికి తెలుపు చేశాక ఎండలో ఆరేస్తారు. ఎకరం నేలలో కర్రలు పాతి, తాళ్లు కట్టి, వాటి మీద వరసలు వరసలుగా పలచటి తెల్ల గుడ్డ. గాలి వీస్తే నేలంతా ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. కాని ఆ తెలుపు మీద మధ్యాహ్నపు ఎండ పడితే కళ్లు తెరవలేం. నేనూ తెరవలేకపోయాను. అందుకే షెడ్డు నీడలో కుర్చీ వేయించుకుని, దూరపు లెన్సు తగిలించి, కూర్చున్నచోటి నుంచే తీశాను. ఒక గంటలో రెండు వందలకు పైగా తీసి ఉంటాను. ఏది ఎప్పుడు తీశానో నాకే తెలియదు.

స్టూడియోకి వచ్చి ఒక్కొక్కటే చూస్తుంటే వాటిలో ఒకటి నన్ను కుర్చీలోంచి లేపింది. పలచటి గుడ్డ వెనక నడివయసు ఆడమనిషి మొహం. నుదుటికి అడ్డంగా ఒక చెయ్యి. ఆ చేతి నీడ సరిగ్గా రెండు కళ్ల మీద పడింది. ఎవరికోసమో దూరానికి చూస్తున్నట్టు ఉంది. చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేదు. ఒక్కటే లోపం, ఎడమవైపు అంచున, మణికట్టు దాకా చేతిని దాచిన దళసరి గుడ్డ మడత పక్కనుంచి ఆకుపచ్చ మచ్చ ఒకటి కనిపిస్తోంది.

“దాన్ని తీసేయమ్మా,” అన్నాను కంప్యూటర్ ముందున్నామెతో.

“ఏమిదన్నా ఇది?”

“ఏదో గుడ్డ. కంటికి అడ్డంగా ఉంది.”

ఆమె తీసేసింది. ఆ ఫోటోకి ‘తనిమై’ అని పేరు పెట్టాను. మన మాటలో ఒంటరితనం. చెన్నైలో ఒక ఫోటో సంఘం వాళ్ల పోటీకి పంపాను. ‘ఇందులో ఏదీ చేర్చలేదు, తీసేయలేదు’ అని ఒక కాగితం మీద సంతకం అడిగారు. పెట్టాను. అబద్ధం ఆడుతున్నానని అప్పుడు తోచలేదు. మొటిమ తీయడం, మచ్చ తీయడం మాకు చెయ్యి కడుక్కోవడం లాంటిది.

మొదటి బహుమతి వచ్చింది. పేపర్లో వేశారు. మా నాన్న అప్పటికి లేడు, లేకపోయాడే అని ఏడ్చాను. ఒక కాలేజీవాళ్లు పిలిచి మాట్లాడమన్నారు. అక్కడ పిల్లలు అడిగారు, ఆ క్షణాన్ని ఎలా పట్టుకున్నారు సార్ అని. ఏం చెప్పను? షెడ్డులో కూర్చుని మజ్జిగ తాగుతూ నొక్కానని చెప్పలేను కదా. “ఆమె చెయ్యి ఎత్తేవరకు నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాను” అన్నాను. చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకో రెండు చోట్ల అదే చెప్పాను. మూడోసారికి నాకే ఆ ఎండ గుర్తుకొచ్చింది. నిజంగానే వీపు కాలింది.

ఆయుధపూజకు నాలుగు రోజుల ముందు, పొద్దున్నే స్టూడియోకి ఒకామె వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. సాపాటు సంచిలోంచి మడత పెట్టిన పేపర్ తీసి బల్ల మీద పరిచింది. నా ఫోటోనే.

“అన్నా, ఇది తీసినది మీరేనా?”

“అవునమ్మా.”

“ఈ చెయ్యి నాది.”

నాకు నవ్వొచ్చింది. ఫోటోలో ఉన్నది ఈమె కాదని మొహం చూస్తేనే తెలుస్తోంది. పేరొచ్చిన ఫోటో కదా, ఇలా ఒకరిద్దరు వస్తారేమో అనుకున్నాను.

“మొగము నాది కాదు. అది మా అక్కది, ఇద్దరమూ ఆడనే ఆరేస్తాము. కూడబుట్టిన అక్క కాదు, చుమ్మా ఊరికే అక్కా అని పిలుస్తాను. మొగము ఆమెది, చెయ్యి నాది. ఇంట్లో చెప్తే ఎవరూ నమ్మేదిలే. మా కోడలు వీధంతా చెప్పి నవ్వినాది. అత్తకు పేరు ఆశ పట్టినాది అంటా.”

“మీ చెయ్యి ఆమె నుదుటి మీద ఎందుకుంటుందమ్మా?”

ఆమె ఉలిక్కిపడినట్టు నా వైపు చూసి, తల దించుకుంది.

“అది చెప్పేదానికి లేదన్నా. చెయ్యి నాదని మాత్రం చెప్తాను.”

“మీ అక్కే చెప్పవచ్చు కదా?”

“ఆమె చెప్పదు,” అంది. పేపర్ నా వైపు తోసింది. “బొటనవేలు చూడండి. మీ కుడిచెయ్యి నుదుటి కాడ పెట్టుకోని చూడండి, ఎండకు పెట్టుకుంటామే, అట్ల.”

మా స్టూడియోలో తల దువ్వుకునే అద్దం ఒకటుంది. దాని ముందు నిలబడి కుడిచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకున్నాను. బొటనవేలు నా కణతకు తగిలింది. ఎవరు పెట్టుకున్నా అంతే, తన చేతి బొటనవేలు తన వైపే ఉంటుంది. పేపర్లో చూశాను. ఫోటోలో బొటనవేలు బయటివైపు, నా వైపు ఉంది. పక్కన నిలబడినవాళ్లు ఎడమచెయ్యి చాపితే తప్ప అలా రాదు.

ఎన్ని వందలసార్లు చూసి ఉంటాను ఆ ఫోటోని! బహుమతి ఇచ్చినవాళ్లు చూశారు. పేపర్‌వాళ్లు చూశారు. ఒకాయన ఆ చేతి గురించే పేరా నిండా రాశాడు.

కంప్యూటర్ ముందున్నామె ఏమీ అడగకుండా అసలు ఫోటో తెరిచి, ఆ అంచును పెద్దది చేసింది. ఆకుపచ్చ మచ్చ గుడ్డ కాదు. మోచేతి దాకా ఉన్న రవిక.

వచ్చినామె తెర దగ్గరికి వంగి చూసింది. మొహం వెలిగింది. “అదో, నా రవికే! ఈడ ఉండాదే!” అని, మళ్లీ పేపర్ చూసింది. “దీంట్లో లేదే? చెరిపేసినారా?”

“అదీ… చూడ్డానికి కొంచెం అడ్డంగా ఉందని…”

“నేను అడ్డమా?”

కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగింది. నేను అద్దం వైపు తిరిగాను. అక్కడా నేనే ఉన్నాను.

పోయేముందు ఆమె కోరింది ఒక్కటే. ఆయుధపూజ రోజు ఫ్యాక్టరీలో ఆ ఫోటోలో ఉన్నామెకు చీర పెట్టి సన్మానం చేస్తున్నారు. నన్నూ పిలిచారు. “అక్కకు చీర ఇస్తే నాకు సంతోషమే. నాకేమీ వద్దు. నేను అబద్ధము చెప్పేదాన్ని కాదని అందరి ముందర ఒక మాట చెప్పండి, చాలు.”

ఆ నాలుగు రోజులు నేను ఏం తిన్నానో గుర్తులేదు. చెబితే నా సంతకం అబద్ధమని తేలుతుంది. కాలేజీలో చెప్పిన ఎండ కథ అబద్ధమని తేలుతుంది. మా ఆవిడ, “పాతికేండ్లు మబ్బుల వెనకాల పోయినారు. ఇప్పుడు ఒకటే ఒకటికి పేరు వచ్చినాది. దాన్ని మీ నోటితోనే చెడుపుకోవాల్నా?” అంది. మర్నాడు పొద్దున మళ్లీ తనే, “ఆ అమ్మ కోడలు ముందర ఎట్ల తల ఎత్తుతాది, పాపం” అంది. కంప్యూటర్ పని చూసే ఆమె మాత్రం ఒకేమాట మీద ఉంది. “చెరిపినది నేనే అన్నా. మీరు చెప్పకుంటే నేను పోయి చెప్తాను.” అంతవరకు ఆమె నాతో అంత గట్టిగా మాట్లాడిందే లేదు.

పూజ రోజు మగ్గాలకు, యంత్రాలకు అన్నిటికీ పసుపు, కుంకుమ, దండలు. నా ఫోటోని ఇంత పెద్ద ఫ్లెక్సుగా వేయించి వేదిక వెనక కట్టారు. ఆ చెయ్యి తలుపంత ఉంది. ఫోటోలో ఉన్నామెను పిలిచి మొదలాళి భార్య చీర ఇచ్చింది. ఆమె తీసుకుని తల వంచుకుని నిలబడింది. కింద ఆడవాళ్ల వరసలో నా దగ్గరికి వచ్చినామె కూర్చుని ఉంది. అదే ఆకుపచ్చ రవిక. కావాలనే వేసుకుని వచ్చింది.

నాకు మైకు ఇచ్చారు. “ఈ ఫోటో గొప్పతనం నాది కాదు. ఇందులో కనిపించని ఇంకొకరి చెయ్యి ఉంది,” అన్నాను.

మొదలాళి గట్టిగా చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. “చూసినారా, ఎంత అణకువ!” అన్నాడు పక్కనున్న పెద్దమనిషితో.

“అట్ల కాదు,” అన్నాను. “నిజంగానే ఇంకొకరి చెయ్యి.”

“అవునవును, దేవుడి చెయ్యి!” అన్నాడాయన. మళ్లీ చప్పట్లు.

ఒప్పుకోవడం కూడా ఇంత కష్టమని నాకు తెలియదు. ఏం చేయాలో తోచక, “అందరూ ఒకసారి కుడిచెయ్యి నుదుటికి అడ్డంగా పెట్టుకోండి,” అన్నాను. ఏదో ఆట అనుకుని పెట్టుకున్నారు. మొదలాళి పెట్టుకున్నాడు, పూజారి పెట్టుకున్నాడు. “బొటనవేలు ఎక్కడుంది? ఇప్పుడు ఫోటో చూడండి.”

రెండు వందల మంది నుదుటి మీద చేతులతో ఆ ఫ్లెక్సు వైపు చూశారు. ఒక్కొక్కరే చేతిని తిప్పి చూసుకోసాగారు. గుసగుసలు మొదలయ్యాయి. నేను అప్పుడు అంతా చెప్పేశాను. పక్కన ఉన్న మనిషిని నేనే చెరిపించానని, ఎండలో నిలబడలేదని, ఆ చెయ్యి ఎవరిదో నాలుగు రోజుల కిందటి దాకా నాకే తెలియదని. ఆకుపచ్చ రవిక ఆమె లేచి నిలబడింది. ఆమె కోడలు కూడా ఆ వరసలోనే ఉందని తర్వాత తెలిసింది.

అక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ కథ రాసేవాణ్ని కాను. మొదలాళి ఆమె వైపు చూసి, మామూలుగానే అడిగాడు.

“సరి, నీ చెయ్యి ఆడికి ఎందుకు పోయినాది?”

సూపర్‌వైజర్ నవ్వాడు. “పని టైములో ఆడుకుంటా ఉండి ఉంటారు సార్.” కొందరు నవ్వారు. ఆమె చీర చెంగు చేతికి చుట్టుకుంటూ అలాగే నిలబడింది. ఇప్పుడు నిజం చెప్పానా, ఆమెను ఇంకా ఇరికించానా నాకు అర్థం కాలేదు. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

అప్పుడు వేదిక మీదున్నామె, చీర పట్టుకున్నామె, నా వైపు చెయ్యి చాపింది. మైకు ఇచ్చాను. దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక గడ్డానికి ఆనించుకుంది.

“నా కన్నుకు నీడ పట్టినాది,” అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

“కుడికన్ను ఆపరేషన్ అయినాది. ఆ తెలుపు చూస్తే సూదులు పొడిచినట్ల ఉంటాది. ఆస్పత్రిలో ఎండకు పోవద్దనినారు. చెప్తే మీరు ఇంటికి పొమ్మంటారని చెప్పలేదు. నేను గుడ్డ విప్పేటప్పుడంతా ఇది పక్కన వచ్చి చెయ్యి పెడతాది. ఎనిమిది నెలలుగా పెడతా ఉండాది. చెయ్యి దానిదని నాకు మొదటి దినమే తెలుసు. చెప్తే, ఎందుకు అని అడుగుతారు. దానికే నోరు మూసుకుంటిని.” కింద నిలబడినామె వైపు చూసింది. “దాన్ని అబద్ధాల మనిషిని చేస్తిని.”

ఆ ఫోటోలో కళ్ల మీద పడిన నీడను ‘ఎదురుచూపు’ అని పేపర్లో రాశారు. నేనూ అదే అని నమ్మాను.

మొదలాళి చెడ్డవాడు కాదు. అంతమంది ముందు చెడ్డవాడు కావడానికి వీలు కూడా లేదు. “ముందే చెప్పకూడదా అమ్మా?” అన్నాడు. మర్నాటి నుంచి ఆమెను లోపల, గుడ్డ మడతపెట్టే చోటికి మార్చమని సూపర్‌వైజర్‌కి అక్కడే చెప్పాడు. ఆమె వేదిక దిగి, తనకిచ్చిన చీరను ఆకుపచ్చ రవిక ఆమె చేతుల్లో పెట్టబోయింది. ఆమె తోసేసింది. బయట నేను బండి తీస్తుంటే ఆ ఆకుపచ్చ రవిక ఆమే నా దగ్గరికి వచ్చింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను.

“నేను చెయ్యి గురించి చెప్పమంటిని. కన్ను గురించి ఎవరు చెప్పమనిరి?”

“నేను చెప్పలేదమ్మా, ఆమే…”

“మీరు చెప్పినందుకే కదా ఆమె చెప్పినాది,” అని వెళ్లిపోయింది.

ఫోటో సంఘానికి నేనే ఉత్తరం రాశాను, అసలు ఫోటో కూడా జతచేసి. బహుమతి వెనక్కి తీసుకున్నారు. అది న్యాయమే. కాని బహుమతి నిర్ణయించినవాళ్లలో ఒకాయన ఫోన్ చేసి, “ఆ ఆకుపచ్చ రవిక ఉన్న ఫోటోనే పంపించి ఉండాల్సింది, సార్. అది దీనికంటే బాగుంది. ఎందుకు చెరిపినారు?” అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆయనన్న మాట పైకే చెప్పాను. కంప్యూటర్ ముందున్నామె తల తిప్పకుండా, “నాకూ అప్పుడే అనిపించినాది,” అంది.

“మరి అప్పుడు చెప్పలేదేం?”

“మీరు అడగలేదే.”

ఇష్టమైన పని కదా అని మిల్లు వదిలి వచ్చినవాణ్ని నేను. కళ్లుంటే చాలు అనుకున్నాను. ఆ రెండు వందల ఫోటోల్లో ఒక మనిషి ఇంకో మనిషికి నీడ పట్టడం నా కళ్ల ముందే జరిగింది. నా కెమెరా చూసింది, నేను చూడలేదు. చూసి ఉంటే ఆ ఫోటో తీసేవాణ్నా? ఏమో. ‘కొంచెం పక్కకు జరగమ్మా’ అని ఉండేవాణ్నేమో. అప్పుడు నీడా ఉండేది కాదు. ఈ లెక్క ఎటునుంచి వేసినా నాకు కుదరదు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ ఫ్యాక్టరీకి వెళ్లాను. మొదలాళిని చూడటానికి కాదు, కెమెరా కూడా తీసుకుపోలేదు. చెరపని ఫోటోని రెండు ప్రతులు వేయించి తీసుకెళ్లాను. సాపాటు వేళ. షెడ్డు గోడ వారగా ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని టిఫిను డబ్బాలు తెరిచి ఉన్నారు. కొద్దివారాలు మాట్లాడుకోలేదట. తర్వాత ఎవరు మొదట మాట్లాడారో ఇద్దరూ చెరొకలా చెప్పారు. ఇద్దరూ జరిగి నాకు చోటిచ్చారు. ఫోటోలు ఇచ్చాను. చేతి ఆమె తన రవికను చూసుకుని, “ఇది ఇప్పుడు వెలిసిపోయినాది,” అంది. కంటి ఆమె దగ్గరగా పెట్టుకుని చూసి, “ఎంత లావుగా ఉండాను,” అంది. అంతే. సంచుల్లో పెట్టేసుకున్నారు.

పెరుగన్నం, ఎండుమిరపకాయ నా చేతిలో పెట్టారు. తింటూ, చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగేశాను.

“ఆ దినం నేను చెప్పకుండా ఉండాల్సిందా?”

“చెప్పినది మంచిదే,” అంది కంటి ఆమె. అదే క్షణంలో, “చెప్పకుండా ఉండి ఉండొచ్చు,” అంది చేతి ఆమె.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఏమే, నీ కోడలు నోరు మూయించినాడు కదా అన్న!”

“కోడలు నోరు రెండు దినాలే మూసుకున్నాది. నువ్వు లోపలికి పోతివి. నాకు పక్కన ఇప్పుడు వచ్చినాదే, ఆ పిల్ల పెదవి విప్పి ఒక మాట మాట్లాడదు. పొద్దు ఎట్ల పోతాది నాకు?”

“నా కన్ను పోయి ఉంటే నీకు సంతోషమా?”

“కన్ను ఎందుకు పోతాది? నేను పట్టుకోని ఉంటిని కదా!”

“ఎన్ని దినాలు పట్టుకుంటావు, చచ్చేదాకా పట్టుకుంటావా?”

“పట్టుకుంటాను, నీకేమి?”

నేను అక్కడున్నానన్న సంగతే మరిచిపోయారు. ముద్ద చేతిలో పట్టుకుని ఈమె వైపు, ఆమె వైపు తలతిప్పుతూ కూర్చున్నాను. ఈమె మాట్లాడితే ఈమె అన్నది నిజమనిపించింది, ఆమె మాట్లాడితే ఆమెది. అంతలో గంట కొట్టారు. డబ్బాలు మూసి, చేతులు కడుక్కుని లేచారు. ఒకరు షెడ్డు లోపలికి, ఒకరు ఎండలోకి. నాలుగడుగులు వేసి వెనక్కి తిరగడం, ఒక మాట అరవడం, మళ్లీ నాలుగడుగులు. తెల్లగుడ్డల వరసల మధ్యకు పోయి కనిపించకుండా పోయినా చేతి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. లోపలి నుంచి కంటి ఆమె జవాబు చెబుతూనే ఉంది.